వంతు కాని రోజు నీళ్ళు

"మా పిల్లలకు చూడడం రాదమ్మా" అన్నాడు సోమశేఖర్. "ఊళ్ళో మనకు సాయపడే మనుషుల గురించి రాయమన్నాను. తరగతి మొత్తం ఒకటే రాశారు. ఒక్కరి రాతలోనూ ఒక మనిషి పేరు లేదు, ముఖం లేదు. రోజూ తమకు మేలు చేసేవాళ్ళ మంచితనం వీళ్ళ కంట ఎందుకు పడదు? దాన్ని చూడడం ఎలా నేర్పాలి?"

అడిగింది వేదవతమ్మ టీచరుగారిని. ఆమె తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యారు. పిల్లల చేత రాయించాలని సరదా పడే మాబోటి కుర్ర ఉపాధ్యాయులం రెండో శనివారాల్లో ఆమె ఇంటి వరండాలో చేరేవాళ్ళం. ఆమెకు జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న అడిగినవాడి ముందుకు వేరుశనక్కాయల చేట తోసి, ఒలవమని, తాను ఏదో ఒక సంగతి చెప్పుకుంటూ పోతారు. చేట ఖాళీ అయ్యేలోగా జవాబు దొరికిందా, అదృష్టం. దొరక్కపోతే గింజలైనా మిగులుతాయి. ఆ రోజు మాత్రం ఆమె చేట తోసిన తీరులోనే కోపం తెలిసిపోయింది. సగం కాయలు కిందికి దొర్లాయి, ఆమె ఎత్తనూ లేదు. చెప్పిన సంగతి ఇది. నా మాటల్లో చెబుతున్నాను గానీ ఆమె నోట ఇది ఇంకా ఘాటుగా ఉండింది.

ఒక ఊళ్ళో నాలుగు రోజులకోసారి కొళాయి నీళ్ళు వస్తాయి. వీధికొక వంతు. పొడవాటి ఇనుపకడ్డీతో వాల్వు తిప్పి నీళ్ళు వదిలే మనిషి పేరు ఓబులేసు. ఊరికి ఎడంగా ఉన్న కాలనీలో అతని ఇల్లు. కాంట్రాక్టు మీద పెట్టుకున్న పని, రేపట్నుంచి రావద్దంటే అంతే సంగతులు. ఆ పని మీదే ఇంట్లో అయిదు ప్రాణాలు బతుకుతున్నాయి. ఎండాకాలంలో అతన్ని తిట్టని నోరు ఆ ఊళ్ళో లేదు. నీళ్ళు సన్నగా వస్తే వాడిదే తప్పు, మురికిగా వస్తే వాడిదే తప్పు, ట్యాంకు ఎండిపోయినా వాడే తాగేసినట్టు మాట్లాడేవాళ్ళు.

అయితే ఓబులేసుకు ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా, ఆ వీధికి వంతు కాకపోయినా సరే, కడ్డీ భుజాన వేసుకుని వచ్చి కాసేపు నీళ్ళు వదిలేవాడు. పోయిన మనిషికి స్నానం చేయించాలి. మోసుకుపోయినవాళ్ళు తిరిగొచ్చి స్నానాలు చేయాలి. ఇల్లు కడగాలి. ఏ కులమైనా, ఏ మతమైనా, ఆ రోజు ముందు కావలసింది నీళ్ళే. అతన్ని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. కబురు దానంతటదే చేరేది, అతను వచ్చేవాడు, తిప్పేవాడు, కట్టేసి పోయేవాడు. ఊరంతా దాన్ని వాడుకుంది, ఊరంతా దాన్ని మరిచిపోయింది. అట్లా నీళ్ళు పట్టుకున్న ఇళ్ళల్లో ఎన్నింట్లో ఓబులేసును గడప లోపలికి పిలిచి గ్లాసెడు మంచినీళ్ళిచ్చారో నన్నడగవద్దు, అన్నారు వేదవతమ్మగారు. అడిగితే నాకు బి.పి. లేస్తుంది.

ఆ ఊరి బడిలో ముబీనా అని ఆరో తరగతి పిల్ల ఉంది. ఒకరోజు తెల్లవారేసరికి వాళ్ళ దాదీమా, అంటే నాయనమ్మ, చనిపోయింది. ఇంట్లో రెండు బిందెల నీళ్ళే ఉన్నాయి. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అంతలో వీధి కొళాయి గుడగుడమంది. పిల్ల బయటికి పరిగెత్తి చూసింది. సందు చివర ఓబులేసు నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల చూసింది ఇంతే. కానీ చూసింది.

కొన్ని నెలలకు బడిలో, మనకు సాయపడేవారికి సన్మానం అని ఒక సభ పెట్టారు. నర్సును, పోస్ట్‌మ్యాన్‌ను, వీధులూడ్చే అమ్మను, ఓబులేసును వేదిక మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. పిల్లలు రాసిన వాటిలో ఒకటి సభలో చదివించాలనుకున్నారు. హెడ్మాస్టరు ముబీనా రాసింది ఎంచుకున్నాడు. చదివి కాదు, దస్తూరి గుండ్రంగా ఉందని. ముందువరసలో ఊరి పెద్దలు, వాళ్ళ మధ్య ముఖ్య అతిథిగా నీళ్ళ సరఫరాకు కొత్తగా వచ్చిన ఇంజనీరు. పిల్ల మైకు ముందు నిలబడి చదివింది.

"మా దాదీమా చనిపోయిన రోజు మా వీధికి నీళ్ళ వంతు కాదు. ఇంట్లో రెండు బిందెలే ఉన్నాయి. ఓబులేసన్న వచ్చి వాల్వు తిప్పినాడు. నీళ్ళు వచ్చినంతసేపూ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడినాడు. మా అమ్మ అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడవలేదు."

చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు? చప్పట్లకు ఖర్చేముంది? చప్పట్లు ఆగాక ఇంజనీరు ఓబులేసు వైపు తిరిగాడు. వంతు కాని రోజు నీళ్ళు వదలమని ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పలేదు సార్, అన్నాడు ఓబులేసు. ఆ నీళ్ళు ఎవరి వంతులోవి, అని అడిగాడు.

"మా కాలనీవి సార్. మా వంతులో తగ్గించుకుంటాము. మావాళ్ళకు చెప్పే చేస్తా."

వేదవతమ్మగారు ఇక్కడ ఆగారు. "విన్నావా?" అన్నారు సోమశేఖర్‌తో. "ఊళ్ళో అందరికన్నా సన్నగా నీళ్ళొచ్చే కాలనీ అది. అక్కడి ఆడవాళ్ళు బిందెలు తగ్గించుకుని, మేడల్లో పోయినవాళ్ళకు స్నానాలు చేయించారు. వాళ్ళలో ఒక్కరిని సభకు పిలవలేదు. శాలువాలు చాలలేదేమో."

ఇంజనీరు దుర్మార్గుడేం కాదు, నిబంధన ప్రకారం పోయే మనిషి. అతనే ఒక దారి చూపించాడు. "ఇది ఒక్కరింటికి చేసిన ఉపకారమైతే నేను ఊరుకోలేను. ఊరందరికీ ఉన్న వాడుకైతే అది వేరే సంగతి, పైవాళ్ళకు రాసి ఒప్పిస్తాను. ఇక్కడున్నవాళ్ళలో ఎవరింటికైనా ఇట్లా నీళ్ళిచ్చి ఉంటే, లేచి ఆ మాట చెప్పండి. చాలు" అన్నాడు.

లేవాలి, చెప్పాలి. అంతకుమించి ఎవరినీ ఏమీ అడగలేదు. హెడ్మాస్టరు తల్లి ఆ ఏడు ఎండల్లోనే పోయింది, వాళ్ళ వసారా కడిగింది ఓబులేసు వదిలిన నీళ్ళతోనే. వార్డు మెంబరు తండ్రి పోయినప్పుడు వచ్చిన చుట్టాలంతా ఆ నీళ్ళే పోసుకున్నారు. శాలువాలు ఉచితంగా ఇచ్చిన బట్టల కొట్టు యజమాని ఇంట్లో అన్న పోయి అప్పటికి నెల తిరగలేదు. ఒక్కరూ లేవలేదు. హెడ్మాస్టరు మైకు వైరు సర్దాడు. మెంబరు ఫోను తీసి చూసుకున్నాడు. కొట్టు యజమాని, తన మీద జరిమానా ఏమైనా పడుతుందేమోనని పక్కవాడి చెవిలో అడిగాడు. చావింట్లో సిగ్గుపడకుండా పట్టుకున్న నీళ్ళకు సభలో సిగ్గుపడ్డారు, మహానుభావులు.

చివరికి ముబీనా గొంతే వినిపించింది. తను రాసింది అబద్ధమని అందరూ అనుకుంటున్నారనుకుంది పాపం. "మా ఇంటికి ఇచ్చినాడు సార్. నిజ్జంగా ఇచ్చినాడు. నేను చూసినా" అని గట్టిగా చెప్పింది. సభ మొత్తంలో సాక్ష్యం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. దాంతో ఇంజనీరు అడిగిన లెక్కలో అది ఒక్కరింటికి చేసిన ఉపకారమే అయింది. రేపట్నుంచి పనిలోకి రావద్దని అతను ఓబులేసుకు సభలోనే చెప్పాడు.

ఓబులేసు ఎవరివైపూ చూడలేదు. శాలువా తీసి మడతపెట్టి కుర్చీలో ఉంచాడు. వేదిక దిగి పోతూ ముబీనా దగ్గర ఆగాడు. ఆ పిల్లకు అప్పుడప్పుడే ఏదో తప్పు జరిగిందని అర్థమై పెదవులు వణుకుతున్నాయి.

"బాగా చదివినావు పాపా" అన్నాడు. "మీ అవ్వ పేరు నిలబెట్టినావు. ఏడవాకు."

సోమశేఖర్ ఒలవడం ఎప్పుడో ఆపేశాడు. మాలో ఒకరు, "మరి తర్వాత ఎవరూ అడగలేదా అమ్మా?" అన్నారు.

"అడగకేం? అడిగినారు. ఆ పిల్లను అడిగినారు" అన్నారు ఆమె. "మర్నాడు హెడ్మాస్టరు గదిలోకి పిలిచి, ఇవన్నీ నిన్ను రాయమన్నదెవరని అడిగినాడు. బడి పరువు పోయిందంట! పరువు పోయింది ఎవరివల్లో ఆ పెద్దమనిషికి తెలియదంట!"

ముబీనా తల్లిదండ్రులు ఊరుకోలేదు. ఆ తల్లి ముఖం కడుక్కుని, చున్నీ తలమీదికి లాక్కుని, భర్తను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మీ ఇంటికీ వచ్చినాడు గదన్నా, ఒక సంతకం పెట్టండన్నా, అని బతిమాలింది. చూద్దాంలే అన్నవాళ్ళున్నారు. ఇప్పుడెందుకమ్మా అన్నవాళ్ళున్నారు. మా ఇంట్లో బోరుంది, మాకు ఆ అవసరమే రాలేదని ముఖం మీద అబద్ధమాడినవాళ్ళున్నారు. కాలనీవాళ్ళు అందరూ వేలిముద్రలు వేశారు గానీ, వాళ్ళు అతని మనుషులే కదా అని ఆఫీసులో పక్కన పెట్టారు. ఓబులేసు ఇప్పుడు మార్కెట్‌యార్డులో మూటలు మోస్తున్నాడు. ఆ ఊళ్ళో చావు జరిగితే ఉన్నవాళ్ళు ట్యాంకరు పిలిపించుకుంటారు, లేనివాళ్ళు పక్కింటి తలుపు కొడతారు.

"నేను ఆ సభలో లేను" అన్నారు వేదవతమ్మగారు. "ఉంటే లేచేదాన్నని ఇక్కడ కూర్చుని చెప్పడం తేలిక. కాబట్టి ఆ మాట చెప్పను. ఇదంతా ఆ పిల్ల తల్లి నా దగ్గర కూర్చుని చెప్పింది. చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది, విను."

మరుసటి ఏడు జిల్లా వ్యాసాల పోటీ వచ్చింది. విషయం మళ్ళీ అదే, మనకు సాయపడేవారు. ముబీనా కూడా రాసింది. "నర్సు తెల్లని దుస్తులు ధరించును. ఆమె రోగులకు సేవ చేయును. ఆమె మిక్కిలి దయ గలది. మనము ఆమెను గౌరవించవలెను." ఇట్లా పేజీన్నర. నర్సుకు పేరు లేదు, ఊరు లేదు. జ్వరం వచ్చినవాడి నుదుటి మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. ఆ వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది. హెడ్మాస్టరు పొంగిపోయాడు. ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందు కప్పు ఆమె చేతిలో పెట్టి, వీపు తట్టి, "ఇదీ వ్యాసమంటే! చూశారా, ఇప్పుడెంత చక్కగా రాయడం నేర్చుకుందో!" అన్నాడు.

ఆ పిల్ల కప్పు పట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

"సార్, దీనికి ఎవురి పనీ పోదు గదా?" అంది.

సోమశేఖర్, "ఆయన ఏమన్నాడమ్మా?" అని అడిగాడు. ఏమంటాడు, బెల్లు కొట్టించినాడు, అన్నారు ఆమె. తర్వాత లోపలికి పోవడానికి లేచి, గడప దగ్గర ఆగి, అతని వైపు తిరిగారు.

"పిల్లలకు అన్నీ కనపడతాయి నాయనా. మనం కూడా కనపడతాం."