తలపాగా కాపలా

మందగిరి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే భుజబలరాయలవారికి బిరుదులంటే మహా ప్రీతి. వేటకు వెళ్ళి వస్తే ఒక బిరుదు, ఏరు ఈది ఒడ్డెక్కితే ఇంకో బిరుదు. ఒక చలికాలం జలుబు చేసి, కషాయాలు తాగి కోలుకున్నందుకు ఆస్థాన పండితులు "పీనసవిజయ" అన్నారు. రాయలవారు దాన్నీ కాదనలేదు.

ఆయన ఎదుటికి ఎవరు వచ్చినా ముందు చేతులు కట్టుకుని ఆ బిరుదులన్నీ వరసగా చెప్పాలి. ఒకటి తప్పితే మళ్ళీ మొదటి నుంచి. మధ్యలో జారుకుంటే కొరడా దెబ్బలు. రాజుగారు స్వయంగా వెళ్ళలేని ఊళ్ళకు ఆయన తలపాగాను పల్లకిలో పంపేవారు. తలపాగా ఎక్కడుంటే అక్కడే కొలువని శాసనం. జనం పాపం ఆ తలపాగా ముందు కూడా చెమటలు కక్కుతూ బిరుదులు అప్పజెప్పేవారు.

ఆ కొలువులో మాచన అనే మాటకారి ఉండేవాడు. ఒకనాడు వందిమాగధుడు బిరుదులు చదువుతుంటే అతనికి ఆవలింత వచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు.

"ఏం మాచనా, మా బిరుదులు వింటుంటే నిద్ర వస్తోందా?" అన్నాడు రాజు.

"నిద్ర కాదు ప్రభూ. తమ కీర్తి నా నోట్లో పట్టడం లేదు. పడుతుందేమోనని ఇంకాస్త తెరిచాను."

సభంతా నవ్వింది. రాజు మాత్రం మీసం దువ్వుకున్నాడు.

"నోట్లో కీర్తి పట్టనివాడికి చేతిలో నేల పడుతుందేమో చూద్దాం. కొండ అవతల వాగు ఒడ్డున నీకొక చేను మాన్యంగా ఇస్తున్నాం. ఆ నేలలో పండినదేదీ ఇంతవరకు యజమాని ఇంటికి చేరలేదు. దొంగలు కోసుకోగా మిగిలింది మేకలు మేస్తాయి. నువ్వు అక్కడ కాపలా ఉండకూడదు, కాపలావాణ్ణి పెట్టకూడదు, కంచె వేయకూడదు, కుక్కను కట్టకూడదు. అయినా పంట ఇంటికి తెచ్చుకున్నావా, చేను నీ వంశానికే. తేలేదా, చేనూ పోతుంది, కొలువులో నీ చోటూ పోతుంది."

మాచనకు ఆ కొలువు తప్ప వేరే ఆధారం లేదు. భార్య సూరమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి "మనకంటూ జానెడు నేల ఉంటే నాలుగు పాదులు పెట్టుకుందును" అంటూనే ఉంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పుచ్చగింజలు ఏటేటా ఎండబెట్టి మళ్ళీ మూటకట్టి దాస్తోంది. ఇప్పుడు నేల వచ్చింది. వచ్చీ రానట్టు వచ్చింది.

అంతలో అతని కళ్ళు రాజుగారి తల మీద పడ్డాయి.

"ప్రభూ, మాన్యం ఇచ్చేటప్పుడు తలపాగా చుట్టి శాలువా కప్పడం తమ వంశాచారం కదా. కొత్తవి నాకెందుకు? తమరు ధరించి విడిచినవే ఇప్పించండి, ధన్యుణ్ణవుతాను."

ఇది విని రాజు పొంగిపోయాడు. నెమలికుచ్చు తలపాగాను, జరీ శాలువాను అక్కడికక్కడే తీసి ఇచ్చాడు.

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే సూరమ్మ తల పట్టుకుంది.

"కాపలా లేకుండా పుచ్చకాయలు ఎక్కడైనా నిలుస్తాయటయ్యా? మనం పెంచి దొంగల నోట్లో పెట్టడానికా?"

"నువ్వు గింజలు నాటు. కాపలాకు పెద్దమనిషే ఉన్నాడు" అన్నాడు మాచన.

వాగు ఒడ్డు ఇసుకనేల పుచ్చకు భలే పనికివచ్చింది. పిందె పడగానే మాచన చేను మధ్య ఒక కొయ్య పాతి, అడ్డకర్ర కట్టి, దానికి శాలువా కప్పి, పైన కుండ బోర్లించి తలపాగా చుట్టాడు. ఆ తరువాత సంతకు వెళ్ళి కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు.

"రాజుగారి తలపాగా మా చేలో కొలువు తీరింది. గట్టు మీద కాలు పెట్టినవాళ్ళు బిరుదులు చెప్పి దర్శనం చేసుకోండి. చెప్పకుండా మాత్రం పోకండి, పాపం, శిక్ష మీకు తెలిసిందే."

అంతే, ఆ దారి ఖాళీ అయిపోయింది. మేకల కాపరులు మందను వాగు అవతలి గట్టుకు మళ్ళించారు. సంతకు పోయేవాళ్ళు కొండ చుట్టూ తిరిగి పోసాగారు. ఒక సాయంత్రం ఇద్దరు దొంగలు ధైర్యం చేసి చేలో అడుగుపెట్టారు గానీ, తలపాగా కనబడగానే చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి. బిరుదులు మొదలుపెట్టారు. "గండరగండ తరువాత సమరభీమ" అన్నాడొకడు. "కాదు, ఏటిమదభంజన" అన్నాడు రెండోవాడు. తగువులాడుకుంటూ మొదటికి వచ్చారు, మళ్ళీ తగువులాడుకున్నారు. ఆఖరికి గోతాలు అక్కడే పారేసి పరుగు తీశారు. ఆ గోతాలు సూరమ్మకు కాయలు నింపుకోవడానికి పనికివచ్చాయి.

కాకులకు మాత్రం ఈ బెడద లేదు. అవి హాయిగా నెమలికుచ్చు మీద వాలి ముక్కులు తుడుచుకునేవి.

పుచ్చకాయలు కోతకు వచ్చాయన్న వార్త రాజుగారి చెవిన పడింది. మాచన ఎక్కడో కాపలావాణ్ణి దాచి ఉంటాడని ఆయన అనుమానం. పట్టుకుందామని మామూలు పంచె కట్టి, తలకు తుండు చుట్టి, ఒక్కడే గుర్రం మీద బయలుదేరాడు. చేను చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. చుట్టూ చూస్తే మనిషన్నవాడు లేడు. నాలుక పిడచకట్టుకుపోతోంది. కాళ్ళ దగ్గరే నిగనిగలాడుతూ ఒక పుచ్చకాయ. రాజుగారు చటుక్కున తుంచి మోకాలికేసి పగలగొట్టారు.

సరిగ్గా అప్పుడే కోతకు బండి తోలుకుని మాచన దంపతులు వచ్చారు. ఆ నిలబడే తీరు, ఆ మీసం చూడగానే వచ్చిందెవరో మాచనకు తెలిసిపోయింది. తెలియనట్టే ఉండిపోయాడు.

"ఎవరయ్యా నువ్వు? ఏలినవారి ఎదుటే దొంగతనమా? అదిగో, తలపాగా కనబడటం లేదూ? కాయ సంగతి తరువాత, ముందు బిరుదులు చెప్పు."

పేరు చెబితే రాజు దొంగగా దొరికిపోతాడు. సరే, నా బిరుదులే కదా అని చేతులు కట్టుకున్నాడు.

"గండరగండ, ఏటిమదభంజన, సమరభీమ, మృగయావినోద... మృగయావినోద..."

"ఆ తరువాత?"

ఆ తరువాత ఏముందో రాజుకు గుర్తురాలేదు. ఎప్పుడూ ఒకరు చదువుతుంటే తాను తల ఆడించడమే గాని నోరారా చెప్పుకున్నది లేదు.

"మళ్ళీ మొదటి నుంచి" అన్నాడు మాచన.

రెండోసారీ అక్కడే ఆగింది. ఎండకు చెమట మీసాల మీదుగా కారుతోంది. సూరమ్మకు జాలి వేసి, "పీనసవిజయ, నాయనా" అని అందించింది.

"మాచనా, నేనే" అన్నాడు రాజు తుండు తీసేసి.

"నేనే అంటే?"

"రాజును."

"అదెలాగయ్యా? రాజుగారైతే బిరుదులన్నీ తెలియవూ?"

రాజు అతన్ని చూశాడు. కొయ్య మీది తలపాగాను చూశాడు. ముఖం ఎర్రబడింది.

"నన్ను దిష్టిబొమ్మను చేసి నిలబెట్టావా?"

మాచన చేతులు జోడించాడు.

"దిష్టిబొమ్మకు పిట్టలు జడుస్తాయి ప్రభూ. కాకులు చూడండి, తమ కుచ్చు మీదే కూర్చున్నాయి. ఇక్కడికి రానిది మనుషులే."

"నేనంటే నా జనానికి అంత భయమా?"

"తమరంటే కాదు ప్రభూ, తమ బిరుదులంటే. దొంగలు మాత్రమే అయితే నాకు సంతోషమే. మంచివాళ్ళు కూడా చుట్టుదారిన పోతున్నారు. కోట ముందు కూడా అంతే. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాడు బిరుదులకు జడిసి గుమ్మం దగ్గరే ఆగిపోయి, కష్టం చెప్పకుండానే ఇంటికి పోతున్నాడు."

ఈ మధ్య కొలువులో ఫిర్యాదులే లేవని, అది తన పాలన గొప్పతనమని రాజు మురిసిపోతున్నాడు. అది తలచుకుంటే సిగ్గేసింది. చేతిలోని ముక్క కొరికాడు. తియ్యగా ఉంది.

"ప్రభూ, 'పుచ్చఫలాపహారి' అని కొత్త బిరుదొకటి చేర్పించమంటారా?" అన్నాడు మాచన నెమ్మదిగా.

రాజు నవ్వడం మొదలుపెట్టాడు. నోట్లోని గింజలు మీసానికి అంటుకునేదాకా నవ్వాడు.

"వద్దు, ఉన్నవే మోయలేకపోతున్నాను. చేను నీదే. దాని పక్కనున్న మాగాణి కూడా నీదే. ఇవాళ్టి నుంచి నా రాజ్యంలో బిరుదులు చెప్పే పని ఎవరికీ లేదు."

సూరమ్మ గాభరాగా భర్త చెవిలో ఏదో ఊదింది.

"ఏమంటోంది?" అన్నాడు రాజు.

"రాజ్యమంతా బిరుదుల పద్ధతి తీసేసినా, ఈ గట్టు లోపల మాత్రం ఉండనివ్వమంటోంది ప్రభూ. వచ్చే ఏడు కూడా పుచ్చే వేద్దామనుకుంటోందట."

రాజు మళ్ళీ నవ్వి సరేనన్నాడు. ఆ తరువాత మందగిరి కోటలోకి జనం నేరుగా వెళ్ళి తమ గోడు చెప్పుకుని వచ్చేవారు. "పీనసవిజయ" అన్న మాట మాత్రం సూరమ్మ పుచ్చపాదుల మధ్యనే మిగిలింది. ఆ చేలో ఒక్క కాయ కూడా పోలేదు.