దప్పికమ్మ చెలమ

గొంగడికొండకు పడమటి దిక్కున, వంక, అంటే వాగు, మలుపు తిరిగే చోట దప్పికమ్మ తల్లి వెలసి ఉంది. బస్సు దిగిన చోటి నుంచి కొంత దూరం నడవాలి. చెప్పులు విడిచి నడవాలనే నియమం ఏదీ లేదు. ముళ్లు ఎక్కువ కనుక వేసుకునే రండి. గోపురం కోసం వెతికి లాభం లేదు. నాలుగు రాతి స్తంభాల మీద ఒక బండ పరచి ఉంటుంది, దాని కింద మోకాలెత్తు నల్లరాతి రూపం. ఒక స్త్రీ కంబళి కప్పుకుని, రెండు చేతులతో ఒడిని అదిమిపట్టి కూర్చుని ఉంటుంది. ఆ ఒడిలో ఏముందో కనపడదు. ఎదురుగా ఇసుకలో తవ్విన నీటిగుంటను చెలమ అంటారు. ఈ నీరు ఏనాడూ ఎండదని బయట కొందరు చెబుతుంటారు. ఎండుతుంది. నిరుడు వేసవిలో కూడా ఎండింది. ఈ తల్లి సన్నిధిలో లేని మహిమలు చెప్పడానికి మాకు నోరు రాదు.

పూర్వం ఇక్కడ, ఈ వంక పొడవునా, తిరుగుమందవారు అనే గొర్రెల కాపరులు సంచరించేవారు. వారికి ఊరు లేదు, ఇల్లు లేదు. గొర్రెలు, కంబళ్లు, ఇచ్చిన మాట, ఇవే వారి ఆస్తి. వారు ప్రాణంగా చూసుకునే కట్టుబాటుకు మంద మర్యాద అని పేరు. చెలమ ఎవరు తవ్వుకున్నా, దారిన వచ్చినవాడి మందకే మొదటి నీరు. అతని ముందు తమ లేమి చెప్పుకోవడం, కర్ర పట్టుకుని తరిమినంత తప్పు. అందుకే వచ్చినవాడు "మీరు తాగినారా?" అని అడిగితే, నాలుక పిడచకట్టుకుపోతున్నా సరే, "తాగినాం" అనే చెప్పాలి. అయితే వచ్చినవాడికీ ఒక కట్టు ఉంది. ఆ మాట నమ్మి ఊరుకోకూడదు, మరోసారి అడగాలి. అలా అడిగినప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చు, అందులో సిగ్గు లేదు. తరతరాలుగా ఇలాగే సాగింది, ఎవరికీ ఏ లోటూ రాలేదు.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. మగవాళ్లు పెద్ద మందను తోలుకుని నీళ్లు వెతుక్కుంటూ ముందుకు వెళ్లారు. మాళమ్మ అనే స్త్రీ మాత్రం జ్వరంతో నడవలేని కూతురు నీలక్కతో, నాలుగు బక్క గొర్రెలతో ఈ మలుపులో ఆగిపోయింది. ఇసుక తవ్వీ తవ్వీ ఆమె గోళ్లు చితికాయి. చివరికి చెమ్మ తగిలింది. నీరు ఊరడం మొదలైంది కానీ మహా నిదానంగా ఊరింది. అడుగున నాలుగు ముంతల నీళ్లు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పిల్లకు తాపుదామని ముంత చేతిలోకి తీసుకుందో లేదో, వంక అవతలి నుంచి గొర్రెల మెడగంటలు వినిపించాయి.

వచ్చినవాడి పేరు కరియన్న. తిరుగుమందవారిలోనే వేరొక పాయకు చెందినవాడు. అతని గొర్రెలు నోళ్లు తెరుచుకుని తూలుతూ వచ్చాయి, కొన్ని అప్పటికే దారిలో పడిపోయాయి.

"మీరు తాగినారా, తల్లీ?" అని అడిగాడు.

"తాగినాంలే అన్నా. నీ జీవాలకు తాపుకో," అంది మాళమ్మ. చేతిలోని ముంత కింద పెట్టేసింది.

మళ్లీ అడుగుతాడని ఆమె అలాగే నిలబడింది. కరియన్న ఆమె పెదవుల వైపు చూశాడు, తన గొర్రెల వైపు చూశాడు. అడగాలని అతనికి తెలుసు. అడిగితే ఏం జవాబు వస్తుందో కూడా తెలుసు. అందుకే తల వంచుకుని చెలమ వైపు నడిచాడు.

"అమ్మా, దప్పి," అంది నీలక్క.

ఆ గొంతు కరియన్న చెవిన పడితే మర్యాద మంటగలుస్తుందని మాళమ్మ గబగబా బిడ్డను ఒళ్లోకి లాక్కుని కంబళి కప్పేసింది. "ఉండు బంగారూ, అయిపోవచ్చింది, ఇంగ రవ్వంతసేపు," అని గుసగుసలాడుతూ ఒడిని అదిమిపట్టుకుంది. ఒక్క మాట చెబితే చాలు. కరియన్న కటికవాడేమీ కాదు, పరుగున నీళ్లు తెచ్చి ఇచ్చేవాడే. కానీ బుద్ధెరిగినప్పటి నుంచి నేర్చుకున్నదంతా ఆమె గొంతుకు అడ్డం పడింది. చెలమ అడుగంటింది. మళ్లీ ముంతెడు నీరు ఊరి, మాళమ్మ కంబళి తొలగించి చూసేసరికి నీలక్కకు ఇక నీళ్లతో పని లేకపోయింది.

నీళ్లిచ్చిన వారికి గొర్రెపిల్లను ఇవ్వడం ఆనవాయితీ. ఒకదాన్ని ఎత్తుకుని వచ్చిన కరియన్న, ఆమె ఒడి చూసి ఇసుకలో కూలబడ్డాడు.

"ఇంగోసారి అడగల్యాదు తల్లీ నేను," అన్నాడు.

"నేనూ చెప్పల్యాదు," అంది మాళమ్మ.

మందలు తిరిగి వచ్చాక పెద్దలు కూర్చున్నారు. కరియన్నను నాలుగు చీవాట్లు పెట్టి వదిలేశారు. మాళమ్మను మాత్రం అంతా మెచ్చుకున్నారు. ఇంతటి కష్టంలోనూ మంద మర్యాద నిలబెట్టిందని ఆమె భుజాల మీద కొత్త కంబళి కప్పారు. ఆమె దాన్ని తీసి వాళ్ల కాళ్ల ముందు పడేసింది.

"ఈ మెప్పు తీస్కపోయి నా బిడ్డ నోట్లో పోయండి. తాగుతాదేమో సూద్దాం," అంది.

తిరుగుమందవారు పోయినవారిని పూడ్చి, గుర్తు పెట్టకుండా సాగిపోతారు. ఒకే చోటును పట్టుకుని ఉండటం వారికి కూడదు. మాళమ్మ కదలలేదు. పెనిమిటి బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి కళ్లు తుడుచుకుంటూ మంద వెంట వెళ్లిపోయాడు. ఆమె పాత కంబళితో చెలమ ఒడ్డునే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు నీలక్క కలలోకి వచ్చింది. తల్లిని నిష్ఠూరమాడలేదు. "అమ్మా, నాకు దప్పి అయితాందని ఇప్పుడన్నా చెప్పు," అంది.

మేలుకున్న మాళమ్మ, ఆ దారిన వచ్చిన మొదటి బాటసారిని ఆపి, "నా బిడ్డకు దప్పి అయింది, నేను చెప్పల్యాదు," అని చెప్పింది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా అదే మాట చెప్పి, ముంతతో నీళ్లిచ్చేది. చాలా ఏళ్లకు మందలు ఇటు మళ్లినప్పుడు ఆమె లేదు. ఆమె కూర్చునే చోట ఈ రాయి ఉంది. ఎవరు చెక్కారో ఎరిగినవారు లేరు. తల్లే రాయి అయిందని మా పెద్దల మాట. ఆ రాతి ముందే కాపరులు తమ కట్టు మార్చుకున్నారు. పసిబిడ్డ దప్పిక ముందు ఏ మర్యాదా నిలవదని ప్రమాణం చేశారు.

నేటికీ ఇక్కడ తొలి ముంత వరుసలో అందరికంటే చిన్న బిడ్డకే, ఎవరి బిడ్డయినా సరే. నీళ్లు వద్దని మొహమాటపడితే పూజారి గట్టిగా కసురుకుంటాడు, నొచ్చుకోకండి. మనసులో మాట చెప్పుకోలేక కుమిలేవారికి ఈ నీటితో నోరు పెగులుతుందని, పసివాళ్ల జ్వరాలు దిగుతాయని నమ్మకం. జ్వరానికి డాక్టరుకు కూడా చూపించండి, తల్లి ఏమీ అనుకోదు.

ఏటా వైశాఖంలో కరియన్న వంశంవారు వస్తారు. గొర్రెలను అవతలి గట్టున ఆపి, ఇంటి పెద్ద ఒక్కడే వంక దాటి వచ్చి రాతి ముందు కూర్చుంటాడు. "తాగినావా, తల్లీ?" అని అడుగుతాడు. జవాబు రాదు. రాదని తెలిసీ కాసేపు ఆగి, "బిడ్డ తాగిందా?" అని మళ్లీ అడుగుతాడు. ఆ మాట పూర్తిగా అనగలిగినవాణ్ణి మేము ఇంతవరకు చూడలేదు.