పెరుగు క్రిమి పొర తీసిన మేధావులు

తెలివి పంచిపెట్టిన రోజున తామే వరసలో ముందు నిలబడ్డామని ఆ ముగ్గురికీ గట్టి నమ్మకం. భుజంగం, చిదంబరం, త్రినాథ్. కాకినాడలో ఒక సూక్ష్మజీవుల ల్యాబులో పరిశోధన వెలగబెడుతున్నారు. "చదువు ఎవడికైనా వస్తుంది, బుర్ర ఉండాలి" అనేవాళ్ళు. తమకి ఉందని ఎవరు చెప్పారో మరి!

వాళ్ళ ప్రొఫెసరు విశాలాక్షి మేడమ్ ఏళ్ళ తరబడి వెతికి, మండుటెండల్లో కూడా పులవని పెరుగు తోడుపెట్టే క్రిమిని పట్టుకుంది. అదీ ఒక్క గాజు గొట్టంలోనే మిగిలింది. దాని ఒంటిపొర విడదీసి మర్నాడు ల్యాబుకి డబ్బిచ్చే పెద్దలకు చూపించకపోతే ల్యాబుకి తాళమే. సరిగ్గా అప్పుడే ఆవిడకి జ్వరం. మంచం మీంచే ఫోన్లో చెప్పింది.

"ముందు గోడ పగలగొట్టండ్రా. అప్పుడే పొర బయటపడుతుంది."

క్రిమి ఒంటి చుట్టూ ఉండే గోడ అని ఆవిడ ఉద్దేశం. వీళ్ళకి గోడంటే గోడే. ఇంకేముంది, గునపం తెచ్చారు. ల్యాబు గోడ దభీమని కూలింది.

"పొర బయటపడిందండి! తెల్లగా, పెళుసుగా ఉందండి!" సున్నం పెచ్చు పట్టుకుని అరిచాడు భుజంగం.

"శభాష్! ఇప్పుడు గొట్టాన్ని గంటసేపు జోరుగా తిప్పండి."

అంతే. చిదంబరం గొట్టం జేబులో వేసుకుని మోటారుసైకిలెక్కాడు. బీచికి తిప్పాడు, సినిమా హాలుకి తిప్పాడు, కాజాల కొట్టు ముందు ఆపి వాసన కూడా చూపించాడు.

"తిప్పేశామండి. పాపం, చాలా సంతోషించిందండి."

జ్వరంలో ఆవిడకి ఆ చివరి ముక్క వినబడలేదు. "మంచిది. పైనున్న నీళ్ళు పారబోసి, అడుగున మిగిలింది దాచండి" అంది.

పైన నీళ్ళంటే మేడ మీద ట్యాంకు కాక ఇంకేముంటుంది? ముగ్గురూ ఎక్కి ట్యాంకు మొత్తం వంపేశారు. నీళ్ళు కూలిన గోడలోంచి ల్యాబులోకి దూకాయి. వీళ్ళు మాత్రం ట్యాంకు అడుగున పాచి గోకి, టిఫిను డబ్బాలో భద్రంగా దాచారు.

మర్నాడు పెద్దలు పంచెలూ ప్యాంట్లూ ఎగగట్టుకుని ఆ నీళ్ళలో నిలబడ్డారు. త్రినాథ్ గర్వంగా డబ్బా మూత తీశాడు. అందరూ ముక్కులు మూసుకున్నారు.

"గొట్టం ఏదిరా?" జ్వరంతోనే పరుగెత్తుకొచ్చిన మేడమ్ అరిచింది. చిదంబరం జేబులోంచి తీశాడు. చెక్కుచెదరలేదు! ఒక పెద్దాయన జాలిపడి, "క్రిమి బతికే ఉంది కదమ్మా. వారం ఆగుతాం, మళ్ళీ మొదలెట్టుకోండి" అన్నాడు.

ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఒరే, నాకింకా ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం తగ్గేదాకా దీన్ని కడుపులో పెట్టుకుని చూసుకోండ్రా, మీకు పుణ్యముంటుంది" అంది.

"అంతకంటేనా మేడమ్!" అంటూ చిదంబరం గొట్టం మూత తీసి గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, మిగతా ఇద్దరి వైపు తిరిగి, "మీకూ చెరో చుక్క ఉంచానర్రా" అన్నాడు.