దీపాల వేళ వీరాలు కేక

అనగా అనగా, సముద్రానికి ఇంకా నిద్రపోవడం చేతకాని రోజుల్లో, ఒడ్డున ఒక ఉప్పుమళ్ల ఊరు. ఆ ఊళ్లో వీరాలు అనే ఆవిడ ఉప్పమ్ముకుని బతికేది. గంప నెత్తిన పెట్టుకుని "ఉప్పోయ్ ఉప్పూ" అని కేకేస్తే, మళ్లలో కొంగలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలేవట.

వీరాలుకి ఒక్కతే కూతురు, నాంచారి. ఆ పిల్లకి మూర్ఛ. ఆడుతూ ఆడుతూ పడిపోయేది. కాళ్లూ చేతులూ కొట్టుకునేవి. లేచాక తల్లి మెడ కావిలించుకుని, "అమ్మా, నల్ల కెరటం వచ్చిందే. నన్ను ముంచి పోయింది" అనేది. రోజూ వచ్చేది ఆ కెరటం.

వీరాలు పిల్లని చంకనేసుకుని తాటితోపుల వైద్యుడి దగ్గరికి పోయింది. ఆయన కషాయం ఇచ్చాడు. రోజూ వచ్చే కెరటం వారానికోసారి రాసాగింది.

"నయమే కదమ్మా. ఇంక చాల్లే" అన్నాడాయన.

"ఒక్క కెరటం కూడా రాకూడదయ్యా" అంది వీరాలు.

ఏటి అవతల మందులిచ్చే ముసలమ్మ దగ్గరికి పోయింది. ఆవిడ పొడి ఇచ్చింది. వారానికోసారి వచ్చేది నెలకోసారి అయింది.

"లేనిదానివి, నీకు ఈపాటి చాలదుటే?" అంది ముసలమ్మ.

"ఒక్క కెరటం కూడా రాకూడదమ్మా. నీ ఇంటికి నిప్పంటుకుంటే సగం ఆర్పి పడుకుంటావా? నేను బిచ్చమడగడం లేదు. నా బిడ్డ బతుకడుగుతున్నా."

ఊరు నవ్వింది. పక్కింటి దాలమ్మ మరీ నవ్వింది.

"ఉప్పు గంప మోసేదానికి ఎంత ఆశే, వీరాలూ!"

"ఆశపడ్డానికి మేడలుండాలా అక్కా?" అని వీరాలు మళ్లీ నడిచింది.

మబ్బులు దిగొచ్చి పడుకునే కొండ మీద ఒక ముసలి వైద్యుడు ఉండేవాడు. ఆయన ఆ తల్లి చెప్పిందంతా విన్నాడు. చిన్న డబ్బా నిండా మాత్రలిచ్చాడు.

"దీపం పెట్టే వేళకి ఒకటి. కెరటం రాకపోయినా వెయ్యి. ఇంక రాదని ఊరంతా చెప్పినా వెయ్యి. అదెక్కడికీ పోదు తల్లీ, గుమ్మం బయటే నించుంటుంది. ఈ మాత్రే తలుపు గడియ. అయిపోకముందే మళ్లీ రా."

వానలు వచ్చి పోయాయి. కొంగలు వచ్చి పోయాయి. కెరటం రాలేదు.

ఒక సాయంత్రం వీరాలు ఇంకా సంత నుంచి రాలేదు. నాంచారి చేతిలో మాత్ర చూసి దాలమ్మ, "పోయిన జబ్బుకి మందేంటే? పారెయ్" అంది. పిల్ల పారేసింది. మర్నాడు పొద్దున్నే కెరటం వచ్చింది. నాంచారి ఉప్పుమడి నీళ్లలో బోర్లా పడింది. చూసింది దాలమ్మే. పరిగెత్తి, బయటికి లాగి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, పిల్ల కళ్లు తెరిచేదాకా అక్కడే కూచుంది.

వీరాలు తిట్టలేదు. ఆ గొంతుని వేరే పనికి దాచుకుంది. ఆనాటి నుంచి ఏ ఊళ్లో ఉప్పమ్మినా, దీపాల వేళకి తిరిగొచ్చి ఉప్పుమళ్ల గట్టు ఎక్కి అక్కణ్ణించే కేకేసేది.

"మింగావా నాంచారీ?"

"మింగానమ్మా!"

సముద్రం ఎంత ఘోషపెట్టినా ఆ కేక దాటుకుని వచ్చేది. నాంచారి పెద్దదయింది. కెరటం రాలేదు.

ఒకనాడు వీరాలు గంప దించి, దాని పక్కనే ఒరిగింది. మళ్లీ లేవలేదు.

ఆ సాయంత్రం దీపాలు వెలిగాయి. కేక లేదు. కొంగలు తలలెత్తి చూశాయి. నాంచారి గడప మీద కూచుంది. డబ్బా ఒళ్లోనే ఉంది. మూత తియ్యబుద్ధి కాలేదు.

పక్కింట్లోంచి ఒక బొంగురు గొంతు లేచింది.

"మింగావా నాంచారీ?"

దాలమ్మ. ఆ వెనక ఎదురింటి నుంచి ఇంకో గొంతు. ఆ వెనక వీధి వీధంతా. "మింగావా నాంచారీ? మింగావా?"

డబ్బా మూత తెరుచుకుంది.

"మింగానమ్మా!"

నాంచారి పండు ముసలిదయ్యేదాకా బతికిందట. కెరటం మళ్లీ రాలేదట. ఇప్పటికీ ఆ ఊళ్లో దీపం పెట్టగానే ఒకింటి నుంచి ఇంకో ఇంటికి "మింగావా?" అని కేకేస్తారు. ఏ మందూ లేనివాళ్లు కూడా "మింగాను" అంటారు. కొత్త కోడళ్లు మొదట్లో నవ్వుతారు, తర్వాత వాళ్లే కేకేస్తారు. ఏ ఇంట్లోంచైనా జవాబు రాకపోతే, ఊరు ఊరంతా పొయ్యి మీది కుండ దించేసి, వెళ్లి ఆ ఇంటి తలుపు తడుతుంది.