ఏటికి ఎదురీదిన విలస

ఒకప్పుడు విలస చేపకు గోదారంటే ఏమిటో తెలియదు. పుట్టడం, పెరగడం, గుడ్లు పెట్టడం అన్నీ సముద్రంలోనే.

వాటిలో ఒక విలసకు మాత్రం మనసు నిలిచేది కాదు. గుడ్లు ఇక్కడ పెడితే పీత మింగేది, అక్కడ పెడితే సొర మింగేది. ఒక్క పిల్లా దక్కలేదు. మళ్లీ కడుపునిండా గుడ్లు. ఎక్కడ పెట్టాలి? ఇటు తిరిగింది, అటు తిరిగింది.

అలా తిరుగుతూ తిరుగుతూ, గోదారి ఎర్రగా పొంగి సముద్రంలో కలిసే చోటికి వచ్చింది. ఆ మంచినీళ్లు తగలగానే ఒళ్లు జిల్లుమంది.

"గోదారమ్మా, నీలో ఎక్కడైనా నెమ్మదైన చోటుందా?"

"పైన కొండల మధ్య గులకరాళ్ల మడుగుందే. కానీ నాకు దిగడమే తెలుసు, నిన్ను ఎక్కించడం తెలీదు. నువ్వే రావాలి" అంది గోదారి.

విలస ఎదురీదింది. నీళ్లు మొహాన కొట్టాయి. కొట్టుకొచ్చిన దుంగలు ఒళ్లు గీరాయి. కాసేపు ఆగితే చాలు, వరద వెనక్కి నెట్టేసేది. అందుకే ఆగలేదు. తిండి మాటే మరిచిపోయింది.

ఒక తెల్లవారుజామున మడుగు చేరింది. ఒడ్డున ఒకే ఒక్క పాక. పాక ముందు బండమీద పండమ్మ అనే ఆవిడ వెదురు గాలం పట్టుకుని కూర్చుంది. కొక్కేనికి వానపాము లేదు, పిట్ట ఈక చుట్టి ఈగలా కట్టింది. వేసేది, లాగేది, మళ్లీ వేసేది. పాకలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆ ఈక ఈగ విలస కళ్లముందే వాలేది, ఎగిరేది. మధ్యాహ్నం దాకా అదే వరస. ఆకలి లేదు గానీ, విలసకు ఒళ్లు మండిపోయింది.

"నన్ను గుడ్లు పెట్టుకోనిస్తావా లేదా!" అంటూ కసుక్కున కరిచింది.

అంతే, కొక్కెం పెదవిలో దిగింది. ఎగిరింది, దూకింది, గింజుకుంది. చివరికి పండమ్మ చేతిలో పడింది.

"అమ్మయ్య, దొరికావు! మా పిల్ల నిన్ననే కనింది. పాలు పడలేదు. చేపల పులుసు తాగితే పడతాయి."

"నేనూ కనబోతున్నానమ్మా. సముద్రం నుంచి ఇంతదూరం అందుకే వచ్చాను" అంది విలస రొప్పుతూ.

పండమ్మ దాని కడుపు తడిమింది. చెయ్యి ఆగిపోయింది. పాకలో ఏడుపు ఇంకా పెరిగింది. చేపను చూసింది, పాకను చూసింది. "ఇదేం పరీక్షరా దేవుడా!" అని గొణుక్కుంటూ కొక్కెం తీసి, చేపను నీళ్లలో వదిలేసింది.

విలస గుడ్లు పెట్టిందో లేదో, బండకింద నుంచి మీసాల వాలుగ చేప బయటికొచ్చింది. బారెడు పొడవు.

"ఆహా, ఎవరో నాకు విందు పెట్టారే!"

విలసకు ఎక్కడలేని బలం వచ్చింది. తోకతో దాని మీసాలమీద ఫెడీమని కొట్టింది. వాలుగ కోపంగా వెంటపడింది. విలస దాన్ని మడుగంతా తిప్పి తిప్పి ఒడ్డుకు లాక్కొచ్చింది.

"పండమ్మా, గాలం వెయ్యి!"

గాలం పడింది. వాలుగ తెరిచిన నోరు తెరిచినట్టే కొక్కేనికి చిక్కుకుంది.

ఆ సాయంత్రం పాకలో పులుసు మరిగింది. ఇంకాసేపటికి ఏడుపు సద్దుమణిగింది. మడుగులో విలస మాత్రం గుడ్ల చుట్టూ తిరుగుతూనే ఉంది.

పిల్లలు పుట్టాయి. కాస్త ఈత వచ్చాక విలస వాటిని వెంటబెట్టుకుని బయలుదేరింది.

"సముద్రంలో పెరగండర్రా. ఎర్రనీళ్లు తగిలిన రోజున మాత్రం అక్కడ ఉండకండి. మీ పిల్లలూ బతకాలి కదా!"

"మళ్లీ వస్తావా?" అంది ఒడ్డునుంచి పండమ్మ.

"వస్తాను. గాలం కాస్త పక్కకి వెయ్యి."

"ఆ మాట ఇవ్వలేను తల్లీ. మాకూ ఆకలేస్తుంది."

"తెలుసు. అయినా వస్తాను" అంది విలస.

అప్పటినుంచే, ఎర్రనీళ్లు సముద్రంలో కలవగానే విలసకు నిలకడ ఉండదు. దారిలో వలలున్నాయని తెలుసు, గాలాలున్నాయని తెలుసు. అయినా ఉప్పునీళ్లు వదిలి, పులస అని పేరు మార్చుకుని, గోదారికి ఎదురీదుతూనే ఉంటుంది.