నూకాలు మూసిన పువ్వు

అనగనగా అంటే ఎప్పుడని నన్నడక్కండి. నాకు చెప్పిన ముసలమ్మకీ తెలీదు, ఆవిడకి చెప్పినావిడకీ తెలీదు. కొండ కింద గుమ్మివలస అని ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలని ఒక మంత్రసాని. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనీ మొదట పట్టుకున్నవి ఆమె చేతులే.

నూకాలుకి కుదురన్నది లేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే తిరుగుతుంది, తిరిగితే ఏదో ఒకటి గిల్లుతుంది. కాలుగాలిన పిల్లి అనేవారు ఆడవాళ్ళు. అంటే అననీ అనుకునేది.

ఒక ఏడు ఊరిపెద్ద గౌరునాయుడి కోడలు పైడమ్మకి ఆడపిల్ల పుట్టింది. పైడమ్మ పరాయిదేం కాదు, నాయుడి సొంత చెల్లెలి కూతురే. మేనరికం చేసుకుని తెచ్చుకున్నాడు. పిల్ల బోర్లాపడే నాటికి తేలింది, దానివి పిల్లికళ్ళు. తల్లివి నల్లకళ్ళు, తండ్రివి నల్లకళ్ళు, ఆ వీధి వీధంతా నల్లకళ్ళే.

ఇక చూడండి నోళ్ళు. ఒకామె వడ్లు దంచుతూ అంది. ఇంకొకామె ఏట్లో నీళ్ళు ముంచుతూ అంది. మూడో ఆమె ఏమీ అనలేదు, ముక్కున వేలేసుకుంది. అదే ఎక్కువ పని చేసింది. నాయుడు బయటి విత్తనమన్నాడు, తల్లినీ పిల్లనీ పంపేస్తానన్నాడు. పుట్టింటివాళ్ళు గడప తొక్కనివ్వకపోతే ఎలాగంటే, అది తన గొడవ కాదన్నాడు. పైడమ్మ గుడ్డలు మూటగట్టి గుమ్మం పక్కన పెట్టుకుంది. మొగుడు నోరు విప్పలేదు. వాడి సంగతి నేను చెప్పను, నాకు ఒళ్ళుమంట. లోపలింట్లో నాయుడి తల్లి ఉంది గానీ, ముసలమ్మకి చూపు లేదు. పిల్ల కళ్ళ ఊసు ఆమె దగ్గర ఎవరూ ఎత్తలేదు.

ఆ బిడ్డని పైడమ్మ పక్కలో పడుకోబెట్టిన చేతులకి మాత్రం నిద్రెలా పడుతుంది? నూకాలు తన పెరట్లోకీ వీధిలోకీ తిరిగింది, తిరిగింది, తిరిగి చిక్కుడు పందిరి దగ్గర ఆగింది. ఊదాపూల తీగ గింజలే పెట్టింది. అందులో ఒక తీగ తెల్లగా పూసింది. నాయుణ్ణి పిలుచుకొచ్చి చూపించింది.

"తుమ్మెద తెచ్చుంటుంది. ఇదీ బయటిదే," అన్నాడు నాయుడు.

కావచ్చు. కాదని చెప్పడానికి నూకాలుకి ఏం తెలుసు? తెలీదు కాబట్టే అన్నం సయించలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

"తుమ్మెదని రానివ్వను బాబూ. ఆ గింజలు అప్పుడూ తెల్లగా పూస్తే?"

"పూస్తే నా కోడలు నా ఇంట్లోనే ఉంటుంది. పూయకపోతే మూట సిద్ధంగానే ఉంది."

నువ్వేదో మాయ చేస్తావని కూడా అన్నాడు. తాను ముట్టనంది నూకాలు. ఊరి పిల్లల చేత చేయిస్తానంది. సొంత పిల్లల్ని నమ్మనివాడు ఊళ్ళో ఎవడున్నాడు? తన ఊదాపూల తీగ గింజలు ఇంటికిన్ని పంచింది. తీగలు పందిరెక్కాక పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పువ్వుని గోటితో చీల్చింది. లోపలి పసుప్పొడి అందరి వేళ్ళకీ అంటించి, తుమ్మెద మోసేది ఈ పొడే, పక్క తీగది రాకుండా మూస్తే తన పొడితోనే కాయ కడుతుందంది. సగంమంది తుమ్మారు. ఊదాగా పూసే తీగ మీద, ఇంకా విచ్చని మొగ్గకి గుడ్డపీలిక చుట్టి దారంతో ముడెయ్యమంది. వేశారు.

ఆ వారంలోనే వడ్రంగి కోడలికి నొప్పులొచ్చాయి. కష్టమైన కాన్పు. ఆ ఊరి ఆచారం మీకు తెలుసో లేదో, కాన్పు వేళ ముడన్నది ఉండకూడదు. కొప్పు ముడి విప్పాలి, పలుపు ముడి విప్పాలి, మూట ముడి విప్పాలి. అప్పుడే బిడ్డకి దారి. "ఊళ్ళో ఒక్క ముడి మిగలకూడదు" అని నూకాలు లోపల్నించి కేకేసింది. పైడమ్మ కూడా తన మూట విప్పింది. పిల్లలు బుద్ధిగా పరిగెత్తుకెళ్ళి పువ్వుల ముళ్ళన్నీ విప్పేశారు.

బిడ్డ చక్కగా పుట్టాడు. చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి పందిళ్ళ నిండా తుమ్మెదలు. నూకాలు పిల్లల్ని తిట్టలేదు. తన మాటే విన్నారు, ఏమని తిడుతుంది? అరుగు మీద కూలబడింది. ఆమె అలా కూర్చోగా ఊరు చూడడం అదే మొదలు. నాయుడు నవ్వాడు. సరే, ఇంకొక్క పంట చూస్తానన్నాడు. పైడమ్మ మూట మళ్ళీ కట్టుకుంది.

మరుసటేడు మళ్ళీ మొగ్గలొచ్చాయి. ముడెయ్యకుండా మూసేదెలాగ? నూకాలు పందిళ్ళ కింద ఒకటే తిరుగుడు. విస్తళ్ళు కుట్టే ఇంటి పిల్ల గోపమ్మ చూసి చూసి అడిగింది.

"ముడెందుకు మామ్మా? ఆకు మడిచి పుల్ల గుచ్చుదాం."

మోదుగాకు మడిచారు, పుల్ల గుచ్చారు. ఆ మొగ్గల కాలంలో ఒక కాన్పయింది, ముళ్ళు విప్పారు. రెండో కాన్పయింది, ముళ్ళు విప్పారు. మూడో కాన్పయింది, ముళ్ళు విప్పారు. పువ్వులు మాత్రం మూసినవి మూసినట్టే ఉన్నాయి. కాయలు కాశాయి. ఎవరి గింజలు వాళ్ళ తల్లి కళ్ళెదుటే దాచుకుని, మూడో ఏడు పెట్టారు.

తీగలు పందిరెక్కేసరికి నూకాలు మంచమెక్కింది. మంచంలోనూ కుదురు లేదు. ఒకనాడు "పూసిందా?" అంది. లేదు మామ్మా అన్నారు పిల్లలు. ఇంకోనాడు "పూసిందా?" అంది. మొగ్గేసింది మామ్మా అన్నారు. మూడోనాడు అడగలేదు. నా తల్లి, ఆ ఒక్క జవాబూ వినకుండానే పోయింది.

ఆమె పోయాక పూశాయి. చాలా తీగలు ఊదాగానే పూశాయి. కొన్ని తెల్లగా పూశాయి. గోపమ్మ పందిరి మీద తెలుపు, వడ్రంగి ఇంట తెలుపు, గౌరునాయుడి చిన్నకూతురు పెట్టిన తీగ మీద పాలలాంటి తెలుపు. తుమ్మెద దూరలేదు, గాలి దూరలేదు. తన కూతురు గుచ్చిన పుల్లని నాయుడే రోజూ తడిమి చూశాడు మరి. ఆ తెలుపు మొదట్నించీ ఊదాలోపలే ఉంది.

ఆ చిన్నకూతురే తెల్లపువ్వు తీసుకెళ్ళి చూపులేని నాయనమ్మ చేతిలో పెట్టి, పిల్లికళ్ళ సంగతంతా చెప్పేసింది. ముసలమ్మ కొడుకుని పిలిచింది.

"మా అమ్మవి పిల్లికళ్ళేరా. నువ్వు పుట్టకముందే పోయింది. నీకూ నీ చెల్లికీ లోపల దాగొచ్చినవి ఈ పిల్లకి బయటపడ్డాయి. నన్నొక్క మాట అడిగావా?"

నాయుడు గుమ్మం దగ్గర కూలబడ్డాడు. మూట ఒళ్ళోకి లాక్కుని ముడి విప్పాడు. మూడేళ్ళుగా ప్రతి కాన్పుకీ విప్పి మళ్ళీ కట్టిన ముడి, బిగుసుకుపోయింది, పళ్ళతో విప్పాల్సొచ్చింది. నూకాలుకి చెప్పాలని లేచి నాలుగడుగులు వేశాడు. ఎవరికి చెబుతాడు? అక్కడే నిలబడి ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ కొండ కింద ఎవరి పోలికా లేని బిడ్డ పుడితే, ఎవరి పోలికని ఎవరూ అడగరు. "నూకాలు మూసి చూసిందిలే" అంటారు. చిక్కుడు మొగ్గేసే రోజుల్లో ప్రతి ఇంటి పిల్లలూ ఒక మొగ్గకి ఆకు మడిచి పుల్ల గుచ్చుతారు. కాన్పొస్తే ఊళ్ళో ముళ్ళన్నీ విప్పుతారు గానీ, ఆ పుల్ల మాత్రం తియ్యరు. కాయ అయ్యాక గింజ పెట్టి, అది పూసిన రోజున నూకాలు ఇల్లున్న చోటికి పిల్లలంతా వెళ్ళి, "పూసింది మామ్మా" అని చెప్పి వస్తారు.