తోటలో ఖాళీ తొడుగులు

ఒకానొక దొరగారి మామిడితోటలో చెట్ల మానులకు రాత్రికి రాత్రే పురుగు తొడుగులు వందలుగా అంటుకున్నాయి. కళ్ళూ కాళ్ళూ ఉన్నాయి కానీ లోపల ఏమీ లేదు. పైన కొమ్మల్లో ఏవో కీచుమంటున్నాయి.

"ఇవి దయ్యాలు విడిచిన ఒళ్ళు. తోట నాకు రాసిస్తే వాటిని కట్టేస్తాను," అన్నాడు మాంత్రికుడు భేతాళయ్య. దొర వణుకుతూ ఒప్పుకున్నాడు.

తోట పోతే కావలికత్తె నూకాలుకు కూడు పోయినట్టే. సందెవేళ ఆమె దొర ఎదుటే, మట్టిలోంచి పాకివచ్చిన పురుగును మాంత్రికుడికి చూపించి, "సామీ, ఇదిగో ఒళ్ళు విడవబోతోంది. ముందు దీన్ని కట్టండి," అంది.

అతను మంత్రాలు చదువుతూనే ఉన్నాడు. పురుగు వీపు మెల్లగా చీలి, అవే కళ్ళతో తెల్లని తడి ప్రాణి ఒకటి బయటికొచ్చి రెక్కలు చాచింది. వెనక ఖాళీ తొడుగు మిగిలింది.

"నేలలో పాకినా, కొమ్మన అరిచినా ఇది ఒకటే కీచురాయి దొరా! దీన్నే ఆపలేనివాడు దయ్యాల్నేం కడతాడు?" అంది నూకాలు.

దొర తోట రాసివ్వలేదు. చీకట్లో ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం నూకాలును ముందు నడవమన్నాడు.